బతుకుకు అర్థం లేదనే నవలలు ఈ పిల్లల చేతికి ఎలా ఇవ్వాలి?

పరకాల_పంతులు
జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను. అడిగిన పిల్లలకు నా దగ్గరున్న పుస్తకాలు ఇస్తుంటాను, సిలబస్‌తో సంబంధం లేకుండా. ఈమధ్య ఇంటర్ పిల్లవాడు ఒకడు బుచ్చిబాబు నవల "చివరకు మిగిలేది" తీసుకుపోయాడు. బాగా చదివేవాడు. వాళ్ల నాన్న పత్తి అప్పుల్లో మునిగి ప్రాణం తీసుకున్నాడు. పుస్తకం తిరిగి ఇస్తూ నన్ను అడిగాడు: "సార్, ఈ దయానిధి డాక్టరు చదివిండు. వజ్రం దొరికింది. దవాఖాన పెట్టిండు. అయినా ఎందుకు బతకాల్నో తెల్వదంటడు. మా బాపుకు ఎందుకు బతకాల్నో మంచిగ తెలుసు సార్. బతకనియ్యలే."

నాకు నోట మాట రాలేదు. బుచ్చిబాబు, గోపీచంద్, త్రిపుర, బయటివాళ్లలో కాఫ్కా, కామూ, బెకెట్... నేను వయసంతా ప్రేమగా చదువుకున్నది వీళ్లనే. మనిషి పడే బాధకు పైనుంచి ఎవరూ అర్థం రాసి పెట్టలేదని వీళ్లు ఒక్కొక్కరూ ఒక్కో తీరుగా చెప్పారు. ఆ మాట ఆ పిల్లవాడి ముందు నిలబడుతుందా? నిలబడదంటే ఆ సాహిత్యం ఎవరి కోసం? నిలబడుతుందంటే ఎలాగో చెప్పండి. ఊరికే వాదన కోసం అడగడం లేదు, వాడికి ఇంకో పుస్తకం ఇవ్వాలి.

కాజీపేట_జంక్షన్
నిలబడదు. పిల్లవాడు సరిగ్గానే చెప్పాడు. కడుపు నిండాక పుట్టే బాధ అది. రేపటికి బియ్యం ఉన్నాయా అని డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకునేవాడికి "అస్తిత్వ వేదన" రాదు.

హంటర్‌రోడ్_చదువరి
జంక్షన్ అన్నా, మరి మన నవీన్ గారి "అంపశయ్య"ను ఎక్కడ పెడతావు? 1969లో వచ్చింది. యూనివర్సిటీ హాస్టల్లో రవి అనే కుర్రాడు పొద్దున నిద్ర లేచినప్పటి నుంచి ఒక్క రోజు అతని తలలో ఏం నడిచిందో అదే నవల. చేతిలో డబ్బుల్లేవు, ఊళ్లో ఇల్లు గడవడం కష్టం. ఆకలి, సిగ్గు, కోరిక, అసలు ఎందుకు బతుకుతున్నాననే ప్రశ్న, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. బియ్యం లేనివాడికి ఆ ప్రశ్న రాదని ఎవరు చెప్పారు?

కాజీపేట_జంక్షన్
చదివాను తమ్మీ. రవి బాధలో సగం చేతిలో వంద రూపాయలు పెడితే పోయేదే.

హంటర్‌రోడ్_చదువరి
మిగతా సగం?

నర్సంపేట_చేను
ఆ పిల్లవాడి లాంటివాడినే నేను. మా బాపు 1998లో పోయాడు. నేను అప్పుడు బడికి పోతున్న. 1997 ఖరీఫ్‌లో పత్తి మీద లద్దె పురుగు పడింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. విత్తనం ఇచ్చేది, మందు ఇచ్చేది, అప్పు ఇచ్చేది, చివరికి పత్తి కొనేది అంతా ఒకే దుకాణం. మందు పని చేయట్లేదని పోయి అడిగితే ఇంకో డబ్బా చేతిలో పెట్టి ఖాతాలో రాసుకునేవాడు. అందులో నకిలీది ఏదో, అసలుది ఏదో రైతుకు ఎలా తెలుస్తుంది? ఆ ఏడాది వరంగల్ జిల్లాలో ఏ ఊరి పేరు ఎప్పుడు పేపర్లో వస్తుందో అన్నట్టు ఉండేది.

నేను చెప్పేది ఒకటే. మా బాపు చావుకు కారణం ఉంది. ఆ కారణానికి పేరుంది, దుకాణానికి బోర్డుంది. "మనిషి బతుకే ఇంత, బాధ దాని స్వభావం" అని ఎంత గొప్పవాడు రాసినా ఆ మాట వింటే ముందు సంతోషించేది ఆ దుకాణంవాడు. అందుకే నాకు కాళోజీ దగ్గర. పేరుకు "నా గొడవ" అన్నాడు గానీ అన్నపురాశులు ఎక్కడున్నాయో, ఆకలి మంటలు ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించాడు. అల్లం రాజయ్య గారి కథల్లోనూ బాధ పడేవాడూ ఉంటాడు, పెట్టేవాడూ ఉంటాడు. పెట్టేవాడు కనపడని సాహిత్యం మీద నాకు నమ్మకం లేదు.

కాజీపేట_జంక్షన్
చేను అన్నా, ఇంతకంటే చెప్పడానికి ఏముంది.

గోదావరిఖని_రెండోషిఫ్ట్
ఉంది. "కడుపు నిండినవాళ్ల బాధ" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. కామూ 1913లో అల్జీరియాలో పుట్టాడు. ఏడాది నిండకముందే తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో పోయాడు. తల్లికి చదువు రాదు, సరిగ్గా వినపడదు, ఇళ్లలో పాచిపని చేసి పిల్లల్ని సాకింది. పదిహేడేళ్లకే ఆయనకు టీబీ. కడుపు నిండిన ఇల్లు అదేనా?

కాఫ్కా సంగతి ఇంకా చెప్పాలి. ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా ఆఫీసులో ఉద్యోగం. మిషన్లలో వేళ్లు తెగినవాళ్లు, క్వారీల్లో దెబ్బలు తిన్నవాళ్లు, వాళ్ల కాగితాలన్నీ ఆయన టేబుల్ మీదికే. ప్రమాదాలు ఎలా తగ్గించాలో రిపోర్టులు రాశాడు. 1915లో అచ్చయిన కథలో గ్రెగర్ పొద్దున లేచేసరికి పురుగై ఉంటాడు. అప్పుడు వాడికి ముందుగా పట్టుకున్న టెన్షన్ ఏంటో తెలుసా? ఐదు గంటల రైలు తప్పిపోయిందని! మేనేజరు ఏమంటాడో అని! ఒళ్లంతా మారిపోయింది, కాళ్లు లెక్కలేనన్ని ఉన్నాయి, అయినా ఆలోచన డ్యూటీ మీదే.

బొగ్గు బాయి పని చేసేవాడిగా చెప్తున్నా. జ్వరంతో లేచిన పొద్దున నాకూ ముందు గుర్తొచ్చేది మస్టరే, అంటే డ్యూటీ హాజరు. తలలో ఆ భయం ఎవరు పెట్టారో కాఫ్కా పేరు పెట్టి చెప్పడు. కానీ అది ఎంత లోపలికి దిగిందో ఆయన చూపించినట్టు మా యూనియన్ కరపత్రం ఎప్పుడూ చూపించలేదు. యూనియన్ వద్దని అనడం లేదు, నేనూ అందులో ఉన్నవాడినే. రెండూ కావాలి.

జగిత్యాల_అక్క
ఇప్పటిదాకా అందరూ మగవాళ్ల బాధే మాట్లాడారు. దయానిధికి అర్థం కావాలి. కోమలి, అమృతం, ఇందిర, ఒకరి తర్వాత ఒకరు అతని వెతుకులాటలో వచ్చి పోతుంటారు. వాళ్ల బతుకుకు అర్థం ఉందా అని ఎవరు అడిగారు? గోపీచంద్ "అసమర్థుని జీవయాత్ర"లో సీతారామారావు తన బాధంతా పెళ్లాం మీద తీర్చుకుంటాడు. ఆ నవల చదువుతుంటే నాకు అతని ప్రశ్నల కంటే ఆమె పూట ఎలా గడిచిందో తెలుసుకోవాలనిపించింది.

మా దిక్కు మగవాళ్లు దుబాయ్, మస్కట్ పోతారు, ఆడవాళ్లు బీడీలు చుడతారు. వెయ్యి బీడీలకు ఇంతని కూలి. మా అత్తమ్మ చిన్నప్పటి నుంచి చుట్టీ చుట్టీ వేళ్లు వంకరపోయాయి. ఒకరోజు చాట పక్కన పెట్టి నాతో అంది: "ఎవుసం జేసినోళ్లకు చేనన్న కనపడ్తది. ఇల్లు కట్టినోళ్లకు గోడ కనపడ్తది. నేను జేసిందంత పొగైపోయింది గదనే బిడ్డా." ఇంట్లో అప్పటికి అప్పు లేదు. తిండికి లోటు లేదు, కొడుకు పంపిస్తున్నాడు. ఇది ఏ బాధ? కడుపు నిండిన బాధ అంటే నేను ఒప్పుకోను. పేదరికం బాధ అన్నా సరిపోదు.

కాజీపేట_జంక్షన్
అక్కా, మాట మనసులో పడింది. కానీ ఆమె ఆ మాట అని మళ్లీ చాట ముందుకు జరుపుకుంది కదా. దయానిధి లాగా నవలంతా దాని మీదే కూర్చోలేదు.

జగిత్యాల_అక్క
జరుపుకోక ఏం చేస్తుంది, సాయంత్రానికి కార్ఖానాలో లెక్క అప్పజెప్పాలి. కూర్చుని ఆలోచించే తీరిక లేకపోతే బాధే లేనట్టా?

కాజీపేట_జంక్షన్
అలా అనలేదు.

జగిత్యాల_అక్క
"బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టేవాడికి రాదు" అన్నావు. పైన ఉంది చూడు.

బమ్మెర_బాట
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. "ఆధునిక సాహిత్యం" అంటే ఇదంతా యూరప్ నుంచి దిగుమతి అయినట్టు మాట్లాడుతున్నారు. మా ఊరి పోతన గజేంద్రుడి చేత ఏమనిపించాడు? "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని. మొసలి కాలు పట్టింది, ఒంట్లో బలం పోయింది, ఏళ్లకేళ్లు గడిచాయి, పైనుంచి ఎవరూ రాలేదు. దీనుల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, అసలు ఉన్నాడా? అంత భక్తుడు ఆ అనుమానాన్ని దాచకుండా రాశాడు. ఇంకో సంగతి, బమ్మెర, నవీన్ గారి వావిలాల రెండూ పాలకుర్తి మండలంలోనివే. రవి ప్రశ్న ఉస్మానియా హాస్టల్లో పుట్టిందనుకుంటారు, నాకైతే ఆ ప్రశ్న మా మట్టిలో అంతకుముందే ఉందనిపిస్తుంది.

హంటర్‌రోడ్_చదువరి
బాట అన్నా, చాలా మంచి మాట పట్టుకొచ్చావు. కానీ తేడా కూడా అక్కడే ఉంది. గజేంద్రుడి కోసం విష్ణువు పరుగెత్తుకొచ్చాడు. సిరికి కూడా చెప్పకుండా వచ్చాడు. ఆధునిక సాహిత్యం మొదలయ్యేది ఆయన రానప్పుడు. త్రిపుర గారి "భగవంతం కోసం" కథ చదివారా? ఎదురుచూడటమే అందులో కథంతా. బెకెట్ నాటకంలో ఇద్దరు మనుషులు గోడో అనేవాడి కోసం చూస్తుంటారు, అంకం అయిపోతుంది, రేపు వస్తాడని కబురొస్తుంది, రెండో అంకంలోనూ అంతే. 1953లో పారిస్‌లో ఆడినప్పుడు చాలామందికి ఏమీ అర్థం కాలేదు. 1957లో అమెరికాలో సాన్ క్వెంటిన్ జైల్లో ఖైదీల ముందు ఆడారు. వాళ్లు నిశ్శబ్దంగా చివరిదాకా చూశారు. ఎవరూ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఎదురుచూడటం అంటే ఏంటో వాళ్లకు తెలుసు కదా. జంక్షన్ అన్నా, ఖైదీలు కడుపు నిండినవాళ్లా?

హసన్‌పర్తి_కుర్రాడు
ఎదురుచూపు అనే సబ్జెక్టులో మా రూములో నలుగురం డిగ్రీ పూర్తి చేశాం. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం ఒకసారి, వచ్చాక పరీక్ష తేదీ కోసం ఒకసారి, రాశాక అది రద్దయి మళ్లీ ఎప్పుడో అని ఒకసారి. గోడో గారు మా దగ్గర సెంటర్ కోడ్ అడుగుతారు.

కాజీపేట_జంక్షన్
హహ్హహ్హ. కుర్రాడా, నువ్వు నాటకం రాయి, మేం చందా వేసుకుని హన్మకొండలో ఆడిస్తాం.

హసన్‌పర్తి_కుర్రాడు
నవ్వడానికి చెప్పినా నిజంగానే ఒక మాట ఉంది అన్నా. ఆ నాటకం నేను తర్జుమాలో చదివాను. నాకు అందులో గోడో రాకపోవడం కంటే ఇంకోటి పట్టింది. వాళ్లిద్దరూ విడిపోదాం, విడిపోదాం అంటారు, విడిపోరు. ఒకడి దగ్గర ముల్లంగి ఉంటే రెండోవాడికి ఇస్తాడు. బూటు విప్పడానికి సాయం అడుగుతాడు. మా రూములో ఒకడు పోయిన ఏడాది చాలా డౌన్ అయిపోయాడు, పుస్తకం ముట్టేవాడు కాదు, మాట్లాడేవాడు కాదు. అప్పుడు మేం చేసింది కూడా అంతే, పక్కన ఉన్నాం, టీకి తీసుకుపోయాం, వాళ్ల అన్నకు ఫోన్ చేశాం. అర్థం గురించి ఎవరం ఏమీ చెప్పలేదు, మా దగ్గర లేదు కూడా. ఇప్పుడు బాగున్నాడు, మళ్లీ చదువుతున్నాడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
కుర్రాడి పోస్టు చదివి రాస్తున్నా. నేను వార్డులో నర్సును, టాల్‌స్టాయ్ కథ ఒకటి నాకు ప్రాణం. ఇవాన్ ఇల్యిచ్ అనే జడ్జి చావబోతుంటాడు, 1886 నాటి కథ. ఇంట్లో అందరూ నీకేం కాదు, తగ్గిపోతుంది అని అబద్ధం చెప్తుంటారు. నొప్పి కంటే ఆ అబద్ధం అతన్ని ఎక్కువ తినేస్తుంది. గెరాసిం అనే పనివాడు ఒక్కడే నిజం దాచడు. రాత్రంతా కూర్చుని ఆ రోగి కాళ్లు తన భుజాల మీద పెట్టుకుంటాడు, అలా పెడితే అతనికి నొప్పి తగ్గినట్టుంటుందని. అందరం ఎప్పుడో పోయేవాళ్లమే, ఈ కాస్త కష్టం పడితే ఏం అన్నట్టు ఉంటాడు.

వార్డులో నేను చూసిందీ ఇదే. రోగులు నన్ను "బతుకుకు అర్థం ఏంటి" అని అడగరు. "నాకే ఎందుకు సిస్టర్" అంటారు. ములుగు దిక్కు నుంచి వచ్చిన ఒక తాత చేసుకున్న పాపం ఏంటో లెక్కలు వేసుకుంటూ ఉండేవాడు, పిల్లప్పుడు ఎవరి మేకను తోలాడో కూడా గుర్తు చేసుకున్నాడు. అంత నొప్పిలో పైగా ఈ నేరం ఒకటి నెత్తిన పెట్టుకున్నాడు. అప్పుడు నాకు అనిపించింది, కర్మ అనో, దేవుడి పరీక్ష అనో ప్రతి బాధకూ ఒక అర్థం అంటగట్టడం కూడా క్రూరమే. "దీనికి అర్థం లేదు తాతా, నువ్వేం తప్పు చేయలేదు, రోగం వచ్చింది అంతే" అని చెప్పాను. ఆ రాత్రి కాస్త నిద్రపోయాడు. అర్థం లేదనే మాట విని నెత్తి మీది బరువు దిగినవాళ్లు కూడా ఉంటారు పంతులు గారూ.

ఇంకోటి, ఇది చదివే పిల్లల్లో ఎవరికైనా మనసు మరీ బరువుగా ఉంటే పుస్తకంతో ఒంటరిగా కూర్చోవద్దు. ఇంట్లోవాళ్లతో చెప్పండి, లేకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పగలు ఉంటారు.

పరకాల_పంతులు
సిస్టర్ గారూ, నేను ఇన్నాళ్లూ ఈ దిక్కు నుంచి చూడలేదు. ఆ పిల్లవాడి ఊళ్లో కూడా "తండ్రి అట్ల చేసుకుంటే ఇంటికి పాపం" అని గుసగుసలు ఉన్నాయని విన్నాను. వాళ్లమ్మ చెవిలో కూడా పడే ఉంటుంది.

సిరిసిల్ల_మగ్గం
ఆ పాపం సంగతి మా దగ్గరా చూశాం. మరమగ్గాలు ఆగిన రోజుల్లో ఎన్నో ఇళ్లు అలా అయ్యాయి.

పంతులు గారికి ఒక పుస్తకం చెప్తా. పెద్దింటి అశోక్ కుమార్ గారి "జిగిరి". గుడ్డేలుగును ఆడించి బతికే కుటుంబం. అడవి జంతువును పెట్టుకోవద్దని చట్టం, భూమి కావాలంటే ఎలుగును వదిలించుకోవాలి. కొడుకేమో చంపుదామంటాడు, తండ్రికి అది బిడ్డ లాంటిది. చేను అన్న అడిగిన కారణం అందులో ఉంది, ఆఫీసులు, భూమి, ఆకలి అన్నీ ఉన్నాయి. అక్క వాళ్ల అత్తమ్మ మాట లాంటిది కూడా ఉంది. ఎలుగు పోతే ఆ మనిషి ఎవరు? జీవితమంతా చేసిన పని ఏమైనట్టు? రెండూ ఒకే నవలలో పెట్టొచ్చని నాకు అది చదివాకే తెలిసింది.

గోదావరిఖని_రెండోషిఫ్ట్
జిగిరికి నా ఓటు కూడా.

నర్సంపేట_చేను
సిస్టర్ రాసింది, పంతులు గారు చెప్పిన గుసగుసల సంగతి చదివాక నేనూ ఒకటి రాయాలి. పైన రాసింది అలాగే ఉంటుంది, దుకాణం గురించి, నకిలీ మందుల గురించి ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను.

మా అవ్వకు కారణాలు అన్నీ తెలుసు. ఎంత అప్పు, ఏ మిత్తికి, ఏ మందు, అన్నీ నోటికి చెప్తుంది. ఆమె ఇప్పటికీ అడిగేది వాటి గురించి కాదు. ఆ పొద్దున టీ తాగి, చెప్పులు తొడుక్కుని, నా తలకాయ మీద చెయ్యి పెట్టి పోయిండు గదా, "మమ్ములను ఎట్ల యాది మరిచిండు" అంటుంది. నేను పెద్దయ్యాక రైతు సంఘం మీటింగులకు పోయాను, లెక్కలు చదివాను, స్టేజీ మీద మాట్లాడాను కూడా. ఆ ఒక్క మాటకు నేను ఇంతవరకు ఏమీ చెప్పలేకపోతున్న. దుకాణంవాడిని జైల్లో వేసినా ఆ మాట అట్లనే ఉంటుంది. ఏ పథకం వచ్చినా ఉంటుంది.

హంటర్‌రోడ్ తమ్ముడు పైన "మిగతా సగం?" అని అడిగాడు. అది చదివినప్పుడు కోపం వచ్చింది. మా అవ్వ మాటను అందులో పెట్టుకోవచ్చేమో. కానీ ముందు సగాన్ని వదిలేసి మిగతా సగమే రాసేవాళ్లను నేను ఇప్పటికీ నమ్మను.

హంటర్‌రోడ్_చదువరి
చేను అన్నా, నమ్మమని అడగను. బైరాగి గారి "నూతిలో గొంతుకలు" ఒకసారి చూడు, 1955 నాటి పుస్తకం. అందులో అర్జునుడు, షేక్‌స్పియర్ హామ్లెట్, దోస్తోయెవ్‌స్కీ నవల్లోని రాస్కల్నికోవ్ తమ గొంతుల్లో మాట్లాడతారు. ముగ్గురి చేతుల మీదా రక్తమో, రక్తం చిందించాల్సిన పనో ఉంది. ఎందుకు అని అడుగుతారు, కానీ లోకాన్ని వదిలేసి అడగరు. దుఃఖం ఒక్కటే ఉన్న పుస్తకం కాదు అది.

నర్సంపేట_చేను
దొరికితే చదువుతా.

జగిత్యాల_అక్క
చేను తమ్మీ, అమ్మ మాట నువ్వే రాయి. ఇక్కడ రాసినట్టే రాయి, కథ చేయాల్సిన పని లేదు. అలా పోయినవాళ్ల ఇళ్లలో మిగిలిన ఆడవాళ్ల గొంతు నేను వెతుక్కుంటున్నా, నాకు దొరికింది తక్కువ.

బమ్మెర_బాట
అక్క అన్నదానికి నాదీ అదే మాట.

పరకాల_పంతులు
నిన్న పిల్లవాడితో మాట్లాడాను. ఈ చర్చ సంగతి చెప్పలేదు. దయానిధి బాధ కూడా ఊరికే పుట్టింది కాదని, వాళ్లమ్మ మీద ఊరు వేసిన నింద అతన్ని చివరిదాకా వెంటాడిందని, డబ్బు, వజ్రం దాన్ని కడగలేకపోయాయని చెప్పాను. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఊరు అన్నదాంట్ల నిజం ఎంతుందో ఆయన అమ్మను అడగలేదేంది సార్" అన్నాడు. నవలను అంత దగ్గరగా చదివాడని అప్పుడు తెలిసింది. తర్వాతి పుస్తకంగా "అంపశయ్య" అనుకుంటున్నా.

కాజీపేట_జంక్షన్
వద్దు సార్. ఇప్పుడే వద్దు. ఇంటర్ పిల్లవాడు, రెండేళ్లలో హాస్టల్‌కు పోతాడు, అప్పుడు వాడే వెతుక్కుంటాడు. ముందు అల్లం రాజయ్య గారి కథలు ఇవ్వండి. తండ్రి చావులో తండ్రి తప్పు లేదని వాడికి ముందు గట్టిగా తెలియాలి.

నైట్‌డ్యూటీ_సిస్టర్
జంక్షన్ గారితో ఈ ఒక్క విషయంలో కలుస్తా. కాకపోతే ఏది ఇచ్చినా, చదివాక మాట్లాడటానికి మీరు ఉండాలి సార్.

సిరిసిల్ల_మగ్గం
నేను జిగిరి అనే అంటా. రెండు కాపీలున్నాయి నా దగ్గర, ఆదివారం హన్మకొండ వస్తున్నా, ఎక్కడ ఇవ్వాలో మెసేజ్ పెట్టండి.

పరకాల_పంతులు
ఆదివారం వస్తా. అల్లం రాజయ్య కథలు నా దగ్గర ఉన్నాయి, జిగిరి మీ దగ్గర తీసుకుంటా. రెండూ బల్ల మీద పెట్టి ఏది ముందో వాడినే ఎంచుకోమంటా.

హంటర్‌రోడ్_చదువరి
అంపశయ్య నేను తెచ్చి మీకిస్తా సార్, బల్ల మీద దానికీ చోటివ్వండి.

కాజీపేట_జంక్షన్
వద్దన్నాను కదా తమ్మీ!